చిన్న పొట్లం

ఆడపిల్ల పై చదువుకు పోతానంటే తండ్రికి రెండు చిక్కులు వచ్చి పడతాయి. మొదటిది డబ్బు. రెండవది, అడిగిన ప్రతివాడికీ ఆ చదువు పేరు చెప్పడం. డాక్టరంటే ఎదుటివాడు తల ఆడిస్తాడు; ఇంజనీరంటే మరీ ఆడిస్తాడు. మా అమ్మాయి చదవదలచుకున్నది ఆ రెండూ కాదు. "బ్రతికి వున్న కణాలు లెక్కలెలా చేస్తాయో తెలుసుకుని, మనకు కావలసిన లెక్క వాటిచేత చేయించే చదువు నాన్నా" అని చెప్పింది.

నేను ముప్పై యేళ్ళు బళ్ళో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. "మనిషి పిల్లలకే లెక్కలు రాక మాస్టర్లు మొత్తుకుంటుంటే, కంటికి కనపడని కణాలకు లెక్కలేమిటే?" అన్నాను. అది నవ్వి వూరుకుంది. నవ్వి వూరుకోవడం దానికి వాళ్ళమ్మ నుంచి వచ్చిన విద్య.

చదువు పేరు సంగతి ఎలా వున్నా, డబ్బు సంగతి నవ్వితే పోయేది కాదు. సీటు విదేశంలో వచ్చింది. కొంత వాళ్ళే ఇస్తారు. మిగతాది బ్యాంకులో అప్పు చేయాలి. అప్పుకు పూచీ చూపడానికి నాకున్నది సి.బెళగల్‌లో మా ఉమ్మడి ఆరెకరాలు. నేను ఉద్యోగం పేరున కర్నూలులో స్థిరపడ్డాను గాని, చేను చేసేది మా అన్న. కాగితాలమీద ఆయన సంతకం కావాలి. అందుకని సంక్రాంతి వంకబెట్టుకుని అమ్మాయిని వెంటబెట్టుకుని వూరికి వెళ్ళాను.

పండుగపూట పనిమాట ఎత్తకూడదని రెండు రోజులు ఓపిక పట్టాను. కనుమనాటి సాయంత్రం అన్నే అడిగాడు.

"పాప ఏం చదువుతాదంటివిరా?"

నేను తడుముకుంటూ వుండగా అమ్మాయే చెప్పింది: "కణాల్లో జన్యువులుంటాయి కద పెద్దనాయనా, వాటిని మార్చి కొత్త పనులు..."

అన్న మొహం మారిపోయింది. "అంటే, బీటీ ఇత్తనాలు చేసే చదువా?" అన్నాడు. అమ్మాయి ఔననీ కాదనీ చెప్పేలోపలే తుండుగుడ్డ దులుపుకుని లేచి, ఎడ్లకు మేత వేయాలంటూ దొడ్లోకి వెళ్ళిపోయాడు. దొడ్లో ఎడ్లు లేవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎడ్లు లేకపోవడానికి కారణం 2017 నాటి పత్తి.

ఆ యేడు అన్న నాలుగెకరాల పత్తి పెట్టాడు. వానలు ఫరవాలేదు. గూడ నిలిచింది, పూత నిలిచింది, కాయ బలంగా పట్టింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసి పోయేవారు. కాయ పగిలే రోజులు వచ్చేసరికి, పగలవలసినవి సగం సగం పగిలి వూరుకున్నాయి. విప్పి చూస్తే లోపల గుడ్డిపత్తి, గింజలో తొలుచుకుని కూచున్న గులాబీరంగు పురుగు. ఈ పురుగు సంగతే అంత. గుడ్డులోంచి వచ్చీ రాగానే కాయలోకి దూరుతుంది. అది దూరిన రంధ్రం మూసుకుపోతుంది. బయటికి కాయ నవనవలాడుతూనే వుంటుంది. ఏరినదాన్ని ఆదోనికి తోలితే సరుకు చూసి ధర కట్టారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ధర కూలీలకూ బాడుగకూ సరిపోయింది. మందుల అప్పు తీర్చడానికి ఎడ్లజత వెళ్ళిపోయింది. పురుగు పట్టదని చెప్పి అమ్మిన విత్తనం కాబట్టి, పోయిన పంటకంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధించింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వంటింట్లో మా అమ్మ పాలు తోడుపెడుతూ వుంది. అమ్మాయి ఆవిడ పక్కన పీటమీద కూచుని కబుర్లు చెబుతూ వుంది. నేనూ వెళ్ళి గడపమీద కూచున్నాను.

"అవ్వా, ఒక చిన్న సూక్ష్మజీవి వుంది, మన పేగుల్లో కాపురముంటుంది. ఇ.కోలై అంటారు" అని అది మొదలుపెట్టింది.

"తోడులో వుండేది అదేనా?"

"కాదవ్వా, అది వేరే. దీని కథ విను. దానికి గ్లూకోజు పెట్టినా తింటుంది, పాలలో వుండే చక్కెర పెట్టినా తింటుంది. రెండూ కలిపి పెడితే ఏం చేస్తుందో చెప్పు?"

"రెండూ తింటాది."

"తినదు. ముందు గ్లూకోజు మొత్తం అవగొడుతుంది. తరువాత కొంచెంసేపు వూరికే కూచుంటుంది. ఆ తరువాతే పాలచక్కెర మొదలుపెడుతుంది."

పారిస్ నగరంలో జాక్ మోనో అనే ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఈ సంగతి గమనించాడట. తిండి తినడానికి మధ్యలో ఆగడమెందుకన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. ఇరవై యేళ్ళు దానివెంటే తిరిగి, ఫ్రాన్స్వా జాకబ్ అనే మరొకాయనతో కలిసి 1961లో జవాబు ప్రకటించాడు. 1965లో వాళ్ళిద్దరికీ, వాళ్ళ పెద్ద ఆంద్రే ల్వోఫ్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

జవాబు వినడానికి ఎంత సులభమో చూడండి. పాలచక్కెరను విరగ్గొట్టాలంటే కణానికి ఒక పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు చేసే పద్ధతి జన్యువులో రాసి వుంది. కాని ఆ రాతమీద ఒక చిన్న ప్రోటీను తాళంకప్పలా కూచుని వుంటుంది. పాలచక్కెర కణంలోకి వచ్చినప్పుడు, దానిలోంచి పుట్టిన మారురూపం ఒకటి పోయి ఆ తాళాన్ని పట్టుకుంటుంది; తాళం వూడిపోతుంది. అయినా పని పూర్తిగా సాగదు. గ్లూకోజు అయిపోయినప్పుడు మాత్రమే వచ్చే మరో సంకేతం వుంది. అది కూడా రావాలి. అంటే కణం రెండు ప్రశ్నలు అడుగుతుందన్నమాట. పాలచక్కెర వుందా? గ్లూకోజు అయిపోయిందా? రెండింటికీ ఔనని వస్తేనే కార్ఖానా తెరుస్తుంది. ఒక్కటి కాదన్నా మూసి వుంచుతుంది.

"మన కంప్యూటరు లోపల చేసే పని కూడా ఇంతే నాన్నా. ఇది వుంటే, అది లేకపోతే, అప్పుడు ఇది చెయ్యి. మనం కనిపెట్టామనుకునేది అది ఎప్పటినుంచో చేస్తోంది" అంది అమ్మాయి.

"అంత లెక్క ఎందుకే దానికి? అన్ని పనిముట్లూ ఎప్పుడూ చేసి పెట్టుకోరాదూ?" అన్నాను.

"ఖర్చు నాన్నా! ప్రతి పనిముట్టుకూ శక్తి కావాలి. కణంలో చెల్లే నాణెం ఏ.టి.పి. అనే పదార్థం." ఆ పదార్థాన్ని 1929లో కండరాల నుంచి వేరుచేసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని అది చెప్పినప్పుడు, తెలుగు మాస్టరుగా నా ఛాతీ కొంచెం విరిసిందని ఒప్పుకుంటాను. "ఎప్పుడూ అన్నీ చేసే కణం, అవసరానికి చేసే కణం ముందు నిలవలేదు. అనవసరంగా దీపం వెలిగించి వుంచే సంసారం లాంటిది."

మా అమ్మ అది విని, నా నెత్తిమీద వెలుగుతున్న వరండా దీపం వంక చూసింది. లేచి ఆర్పి వచ్చాను.

ఆ లెక్కలను చదవడమే కాక మనుషులు కొత్తవి రాయడం కూడా మొదలుపెట్టారట. 2000 సంవత్సరంలో అమెరికాలో ఒక జట్టు రెండు జన్యువులను ఒకదాన్నొకటి అణచేట్టు అమర్చింది. ఒకటి పైచెయ్యి అయితే రెండవది అణగి వుంటుంది. ఒకసారి మారిస్తే మళ్ళీ మార్చేదాకా అలాగే వుంటుంది. అచ్చం గోడమీద మీట. అదే యేడు ఎలోవిట్జ్, లైబ్లర్ అనే మరో ఇద్దరు మూడు జన్యువులను వలయంలా పెట్టారు. మొదటిది రెండవదాన్ని, రెండవది మూడవదాన్ని, మూడవది మళ్ళీ మొదటిదాన్ని అణచాలి. ఆ కణాలు కొన్ని గంటలకొకసారి పచ్చగా వెలుగుతూ ఆరుతూ వుండేవట. కన్నబిడ్డ ఇంత సంగతి చెబుతుంటే వినడం బాగుంటుంది. కాని నా మనసు దొడ్లోనే వుంది, లేని ఎడ్ల దగ్గర.

మరునాడు పొద్దున్నే అన్న చేనికి బయలుదేరితే, అమ్మాయి పిలవకుండానే వెంట నడిచింది. నేను నాలుగడుగులు వెనకగా నడిచాను. చేనిలో ఆ యేడు కంది వుంది. బోరు దగ్గర మోటారు దానంతటదే తిరుగుతూ వుంది. కాలువ నిండి నీళ్ళు గట్టుదాటి బాటమీదికి పారుతున్నాయి. అన్న పరుగున పోయి మీట కట్టేసి, "దీని తల్లి! ఆటో స్టార్టరు" అన్నాడు.

పట్నం చదువరుల కోసం చెప్పాలి. మోటారుకు కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో రైతులు అర్ధరాత్రి లేచి చేనికి పోలేక ఈ పరికరం తగిలించుకున్నారు. కరెంటు వస్తే చాలు, మోటారు తిరుగుతుంది. చేనికి నీళ్ళు కావాలా వద్దా అన్నది దానికి అక్కర్లేదు.

అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. "పెద్దనాయనా, బీటీ పత్తిలో జరిగింది ఇదే" అంది.

అన్న మాట్లాడలేదు. గట్టుమీద కూచున్నాడు. అది ఎదురుగా గొంతుకూర్చుని చెప్పింది.

నేలలో వుండే ఒక సూక్ష్మజీవి గొంగళిపురుగులను చంపే ప్రోటీను తయారు చేస్తుంది. 1901లో జపానులో పట్టుపురుగులు చస్తుంటే అక్కడ మొదట దాన్ని కనుక్కున్నారు. దాని పేరులోని పొడి అక్షరాలే బీటీ. ఆ ప్రోటీను రాత తెచ్చి పత్తిలో పెట్టారు. మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో అలాంటివే రెండు రాతలున్న విత్తనం వచ్చింది. కాని రాత ఒక్కటే చాలదు, దాన్ని నడిపే మీట కూడా కావాలి కదా. మొదటి విత్తనంలో ఆ మీటను కాలీఫ్లవరుకు తెగులు తెచ్చే ఒక వైరసు నుంచి తీసుకున్నారు. ఆ మీట ప్రశ్నలు అడగదు. ఆకులో, కాండంలో, వేరులో, పురుగు వున్నా లేకున్నా, పగలూ రాత్రీ నడుస్తూనే వుంటుంది.

"మరి పేగులో పురుగు అడుగుతాదంటివి కదా, రాత్రి మీ అవ్వతో?" అన్నాడు అన్న. అంటే ఆయన నిద్రపోలేదన్నమాట!

"అదే పెద్దనాయనా. దానికి ప్రశ్న వుంది. మనం పెట్టినదానికి ప్రశ్న లేదు. పైగా పంట ముదిరేకొద్దీ ఆ మందు చెట్టులో తగ్గుతుంది. అంటే చివరి కాయల్లో పురుగుకు సగం మోతాదే అందుతుంది."

డాక్టరు రాసిన మాత్రలు సగం వేసుకుని మానేస్తే రోగం మొండికేస్తుందని నా భార్య నన్ను తిట్టే తిట్లు గుర్తుకు వచ్చాయి.

అన్న చాలాసేపు కాలువవంక చూశాడు. "ముందు మా యింట్లోనే పెట్టినామా ఈ స్టార్టరు, బాగుండె. తర్వాత ఊరంతా పెట్టిరి. కరెంటు రాంగానే అన్ని మోటార్లూ ఒక్కసారే గుంజె. ట్రాన్స్‌ఫార్మరు కాలిపాయె. పత్తి గూడ అట్లే. ఊరంతా అదే ఇత్తనం, ఎప్పుడూ అదే మందు. పురుగుకు యాడికి పోవాలన్నా అదే చెట్టు. ఇంగేం చేస్తాది? నేర్చుకుంటాది."

ముప్పై యేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఇంతకంటే మంచి సారాంశం నేనైతే రాయలేను.

"ఏ పురుగూ కూచుని నేర్చుకోదు పెద్దనాయనా. ఆ మందు పురుగు కడుపులో ఒక గొళ్ళేనికి తగులుకుంటేనే చంపుతుంది. లక్షల్లో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే గొళ్ళెం వంకరగా వుంటుంది. అది బతుకుతుంది. దానికి జత దొరకాలి కదా. చుట్టూ బీటీ పత్తే వుంటే, బతికిన ఇంకో వంకర గొళ్ళేనిదే దొరుకుతుంది. పిల్లలన్నీ వంకరవే. అదే పక్కన కొంచెం మామూలు పత్తి వుంటే, అక్కడ మామూలు పురుగులు బతికి వుంటాయి. వంకరది వాటితో కలుస్తుంది. పిల్లకు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మంచి గొళ్ళెం వచ్చినా చాలు, మందు పనిచేస్తుంది. అందుకే చేను చుట్టూ అయిదు వరసలో, అయిదోవంతు చేనో మామూలు పత్తి వేయమన్నారు. ప్రతి పాకెట్టుతోనూ ఆ గింజలు చిన్న పొట్లంగా..."

అక్కడ అమ్మాయి ఆగిపోయింది. నేను చూపు తిప్పుకున్నాను. అన్న నావంక చూడకుండా లేచి, మోటారు కొట్టంలోకి వెళ్ళి, చూరులో దోపిన ఒక సంచి తెచ్చి విప్పాడు. అందులో చిన్న పొట్లాలు. విప్పనివి. నాలుగొందల యాభై గ్రాముల పాకెట్టుతోపాటు అప్పట్లో వచ్చిన నూట ఇరవై గ్రాములవి.

"పారెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు. "ఇత్తనం కదా."

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ పొట్లం మొదటిసారి వచ్చినప్పుడు అన్న దాన్ని పట్టుకుని కర్నూలులో మా యింటికి వచ్చాడు. "ఇదేందో చదివి చెప్పురా, అమ్మినోడు పక్కన పారెయ్యమన్నాడు" అన్నాడు. నేను అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. పొట్లంతో వచ్చిన కాగితం చూశాను. చిన్న అక్షరాలు. రెండు వాక్యాలు చదివి, "ఏదో రూలు కోసం పెట్టారులే అన్నా, పట్టించుకోవద్దు" అన్నాను. ఇంటిల్లిపాదిలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా మాట మీద ఆయన ఆ గింజలు విత్తలేదు. చదువుకున్న తమ్ముడు చెప్పాడని ఇరుగుపొరుగు చేలవాళ్ళకూ అదే చెప్పాడు.

మా పొట్లాల వల్లనే దేశమంతా పురుగు మొండికెక్కిందని నేననను. పత్తిని సంక్రాంతి దాటిందాకా చేలో వుంచుకోవడం, కట్టె ఏరివేయకపోవడం, సగం మోతాదులు, ఇలా కారణాలు చాలా వున్నాయి. విప్పని పొట్లాలు ఎన్ని ఊళ్ళల్లో ఎన్ని చూరుల్లో వున్నాయో! కాని అమెరికాలో కూడా ఇదే పురుగు, ఇలాంటి విత్తనమే. అక్కడ మొదట మామూలు పత్తిని పక్కన వుంచారు. తరువాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి చేలమీద వదిలారు. 2018లో తమ పత్తి భూముల్లో ఆ పురుగు లేదని ప్రకటించుకున్నారు. విత్తనంలో లేని ప్రశ్నను చేను చుట్టూ పెట్టారన్నమాట. మనకు ఆ ప్రశ్న చిన్న పొట్లంలో వచ్చింది. దాన్ని చదివి చెప్పవలసినవాడు పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"అన్నా, తప్పు నాది" అన్నాను. గొంతు పెగలలేదు.

"తెలుసులేరా" అన్నాడు, పొట్లాలు సంచిలో వేసుకుంటూ. "ఇన్నేండ్లూ నీకు తెలుసునో లేదో అనే నా బాధ."

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత ఆయన అమ్మాయిని అడిగాడు: "నువ్వు రాసే దాంట్లో ఆపే మీట వుంటాదా పాపా?"

అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు, ఆలోచించి చెప్పింది. క్యాన్సర్ రోగుల రక్తంలోని రక్షక కణాలను తీసి, మార్చి మళ్ళీ ఎక్కించే వైద్యం వుంది. మన దేశంలోనే తయారైన అలాంటి చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. ఆ కణాలు ఒక్కోసారి అతి చేసి రోగికే ముప్పు తెస్తాయి. అందుకని కొందరు పరిశోధకులు ఎక్కించే కణాల్లో ముందే ఒక మీట పెట్టి చూశారు. ఫలానా మందు ఇస్తే ఆ కణాలు తమంతట తామే చనిపోవాలి. 2011లో ప్రకటించిన ఫలితాల్లో, ఒక్క మోతాదుతో ముప్పై నిమిషాల్లో నూటికి తొంభైకి పైగా మారిన కణాలు పోయాయి.

"అలాంటి మీటలు పెట్టడం, ప్రశ్న అడిగాకే పనిచేసేట్టు రాయడం, అదే నేను నేర్చుకోవాలనుకునేది. పురుగు కొరికినప్పుడే, కొరికినచోటే మందు చేసే చెట్టు వుంటే బాగుంటుంది కదా. కాని పెద్దనాయనా, పురుగు మళ్ళీ దారి వెతుక్కోదని మాత్రం నేను మాట ఇయ్యలేను. అదీ బతికేదే."

అన్న నావైపు తిరిగాడు. "కాగితాలు యాడున్నాయిరా?"

నేను తెల్లబోయాను. "ఇప్పుడేనా?"

"ఇత్తనం అమ్మినోడు మాటిచ్చినాడు, ఏమీ కాదని. ఈ పాప ఇయ్యనంటాంది. దీన్ని నమ్మొచ్చు."

ఇంటికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, చూపించిన ప్రతిచోటా నిదానంగా సంతకం చేశాడు. పని అయ్యాక కలం మూత పెట్టి అమ్మాయితో అన్నాడు: "నువ్వు ఏమన్నా కనిపెడితే, ఎట్ల వాడాల్నో పెద్ద అచ్చరాలతో, మాకు తెలిసే తెలుగులో రాయించు. చదివి చెప్పే పని మాత్రం మీ నాయనకు ఇయ్యొద్దు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు ఆ సంచిలోంచి ఒక పొట్లం అడిగి తెచ్చుకున్నాను. ఆ రాత్రి దీపం కింద కూచుని, దానితో వచ్చిన కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. తెలుగులోనే వుంది. ఆసాంతం చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.